సూదితో దిద్దిన ఒరవడి



చాలా కాలానికి మళ్ళీ ఈ పుట తెరిచాను. పద్యాల గురించి, వ్యాకరణం గురించి చాదస్తంగా రాసుకునే పంతులమ్మకు ఈ కుట్టుపని గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. పూర్తిగా చదివిన తరువాత కూడా అలాగే అనిపిస్తే నిర్మొహమాటంగా చెప్పండి, పోట్లాడుకుందాం.

కిందటి వేసవిలో పెన్సిల్వేనియాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, వారి పొరుగింటావిడ నన్ను ఆదరంగా పిలిచి, కాఫీ ఇచ్చి, తాను కొత్తగా కొనుక్కున్న ఒక పెట్టె చూపించింది. అందులో ఒక నార గుడ్డ, రంగు రంగుల దారాలు, సూది, గళ్ళు గీసిన ఒక కాగితం ఉన్నాయి. ఆ గళ్ళ ప్రకారం కుట్టుకుంటూ పోతే, రెండు వందల ఏళ్ళ కిందట ఒక చిన్నపిల్ల కుట్టిన గుడ్డకు ప్రతిరూపం తయారవుతుందట. పైన ఇంగ్లీషు అక్షరమాల, దాని కింద అంకెలు, ఆ కింద ఒక ఇల్లు, రెండు చెట్లు, చుట్టూ తీగల అంచు. అసలు గుడ్డలో అడుగున ఆ పిల్ల పేరు, వయసు కుట్టి ఉండేవట. పెట్టెలోని కాగితం మీద మాత్రం ఆ చోటు ఖాళీగా ఉంది. “అక్కడ ఎవరి పేరు వాళ్ళు కుట్టుకోవచ్చు” అని ఆవిడ ఎంతో సంతోషంగా చెప్పింది. ఆవిడ మంచి మనిషి. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ క్షణాన నా నోట్లోని కాఫీ చేదయింది.

ఎనిమిదేళ్ళదో తొమ్మిదేళ్ళదో అయిన పిల్ల నెలల తరబడి తల వంచుకుని, కళ్ళు చికిలించి, ఒక్కొక్క దారపు పోగును లెక్కపెట్టుకుంటూ కుట్టిన అక్షరాలన్నీ మనకు కావాలి. ఆ పిల్ల పేరు మాత్రం అక్కరలేదు. ఒక కవి కావ్యాన్ని అచ్చువేసి, ముఖపత్రం మీద కవి పేరు తీసేసి, “ఇక్కడ మీ పేరు రాసుకోండి” అంటే మనం ఊరుకుంటామా?

ఇంగ్లీషులో ఈ గుడ్డలను శాంప్లర్లు అంటారు. తిరిగి వచ్చాక ఈ సంగతి రాద్దామని కూర్చుంటే మొట్టమొదట మాట దగ్గరే చిక్కు వచ్చింది. తెలుగులో ఏమనాలని నలుగురిని అడిగాను. ఒకరు “కుట్టు నమూనా” అన్నారు. ఇంకొకరు “అలంకరణ వస్త్రం” అన్నారు. రెండూ నాకు నచ్చలేదు. నమూనా వర్తకుడు చూపించేది. ఆ మాటలో సంత వాసన ఉంది. అలంకరణ అనే మాటలో గోడ ఉంది, మేకు ఉంది, అక్షరం లేదు. ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్ ‘ఎగ్జెంప్లమ్’. చూసి అనుసరించవలసిన మేలుబంతి అని అర్థం. మరి మనకు ఆ అర్థంలో దివ్యమైన మాట ఉండనే ఉంది కదా! పంతులుగారు పలక మీద పై వరుసలో అందంగా రాసి ఇస్తే, దానిని చూసి కింద పిల్లవాడు దిద్దుతాడే, ఆ పై వరుస ఒరవడి. కనుక నేను వీటిని కుట్టు ఒరవళ్ళు అనే అంటాను. ఇది కేవలం పండితుల మాటల ముచ్చట అనుకోకండి. ‘నమూనా’ అన్నవారు వీటిని చూస్తారు, ‘ఒరవడి’ అన్నవారు చదువుతారు. నా తగాదా అంతా అక్కడే.

ముందు చరిత్ర నాలుగు మాటల్లో చెబుతాను. ఐరోపాలో అల్లిక చిత్రాల పుస్తకాలు 1520లలో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో అచ్చయ్యాయి గాని, అందరి ఇళ్ళలోకి పుస్తకాలు రాలేదు. ఎక్కడైనా ఒక కొత్త కుట్టు కనబడితే ఒక పొడవాటి గుడ్డ మీద కుట్టి పెట్టుకుని, చుట్టచుట్టి దాచుకుని, అవసరమైనప్పుడు విప్పి చూసుకునేవారు. అంటే మన ఇళ్ళలో ముగ్గుల పుస్తకం వంటిది. బ్రిటనులో తేదీ వేసి ఉన్నవాటిలో మనకు దొరికిన మొదటిది 1598 నాటిది, లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కుట్టినామె పేరు జేన్ బాస్టాక్. ఆ గుడ్డ మీద ఏమున్నదో గమనించండి. కుక్క, జింక వంటి జంతువులు ఉన్నాయి, పూలు ఉన్నాయి, రకరకాల అల్లికలు ఉన్నాయి. వాటితో పాటు అక్షరమాల ఉంది. ఆలిస్ లీ అనే శిశువు 1596 నవంబరు 23, మంగళవారం మధ్యాహ్నం పూట పుట్టిందని స్పష్టంగా కుట్టి ఉంది. తిథి, వారం, వేళ! మన ఇళ్ళలో పంచాంగం అంచున పెద్దలు రాసుకునే జనన వివరం అది. నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా ఆ పాప ఏ పూట పుట్టిందో మనకు తెలుస్తున్నదంటే సూది రాసినందువల్లనే. అక్షరమాలలో ‘జె’, ‘యు’ కనబడవు. అప్పటికి ‘ఐ’ నుంచి ‘జె’, ‘వి’ నుంచి ‘యు’ వేరుపడి స్థిరపడలేదు. లిపి చరిత్ర చదివేవారికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి? దీనిని బట్టల బీరువాలో పెట్టి, పుస్తకాల బీరువాలోంచి వెలివేయడం ఏ న్యాయం?

పదిహేడో శతాబ్దం దాటాక ఈ గుడ్డ ఆకారం మారింది, పొడవు తగ్గి చదరమైంది. పెద్దవారు దాచుకునే జ్ఞాపిక కాస్తా బడిపిల్లల అభ్యాసమైంది. అక్షరాలు, అంకెలు, ఒక నీతి పద్యం, అంచు, అడుగున పేరు, వయసు, సంవత్సరం. ఇందులో అక్షరాలు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు చాలామంది భక్తి అని, చదువు అని అందంగా సమాధానం చెబుతారు. అసలు కారణం అంత అందమైనది కాదు. ఇంటి దుప్పట్లకు, తువ్వాళ్ళకు, చొక్కాలకు యజమాని పేరులోని పొడి అక్షరాలు, వరుస సంఖ్య కుట్టాలి. ఉతుకులకు వెళ్ళినవి లెక్క తప్పకుండా తిరిగి రావాలి. మన చాకలి నల్లజీడి గింజ రసంతో పంచె మూలన పెట్టే గుర్తు ఏదో, అదే ఇది. ఆ గుర్తును మన ఊళ్ళలో చాకలి పెడితే, ఆ దేశంలో ఇంటి ఆడపిల్లో, పనిపిల్లో కుట్టేది. అయితే ఆ అవసరం పేరిటనే లక్షణంగా ఇరవై పైచిలుకు అక్షరాలు, పది అంకెలు ఆడపిల్ల చేతిలోకి వచ్చి పడ్డాయి. గుడ్డిలో మెల్ల అంటే ఇదే.

ఇప్పుడు నా అసలు ఆక్షేపణకు వస్తాను.

ఆ రోజుల్లో ఇంగ్లండులో గాని, అమెరికా వలసల్లో గాని చదవడం వేరు, రాయడం వేరు. చదవడం ముందు నేర్పేవారు, బైబిలు కోసం. ఈకను చెక్కి, సిరాలో ముంచి రాసే విద్యకు వేరే పంతులు, వేరే రుసుము. మగపిల్లవాడు చదవడం అయ్యాక కలానికి వెళ్ళేవాడు. ఆడపిల్లల్లో చాలామంది చదవడం అయ్యాక సూదికి వెళ్ళేవారు. 1753లో చేసిన వివాహ చట్టం వల్ల ఆ మరుసటి సంవత్సరం నుంచి ఇంగ్లండులో పెళ్ళినాడు చర్చి రిజిస్టరులో వధూవరులు సంతకం చేయవలసి వచ్చింది. సంతకం రానివారు ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు చాలా మటుకు ఇంటూ మార్కు. మనవారి నిశానీ, వేలిముద్ర వంటిదన్నమాట. తరువాతి కాలపు చరిత్రకారులు ఈ రిజిస్టర్లు ముందు వేసుకుని, సంతకాలు ఎన్ని, ఇంటూ మార్కులు ఎన్ని అని లెక్కకట్టి, ఫలానా కాలంలో ఆడవారిలో అక్షరాస్యులు ఇంతమంది అని తేల్చారు. ఆ లెక్కలోని లోపాలు వారికీ తెలుసు. చదవగలిగి రాయలేనివారు దానికి అందరని వారే ఒప్పుకున్నారు. ఒప్పుకుని, మళ్ళీ అదే లెక్క వాడుతూ వచ్చారు.

ఒక పిల్లను ఊహించండి. తొమ్మిదో ఏట ఎర్ర దారంతో అక్షరమాల రెండు సార్లు, అంకెలు ఒకసారి, ఒక ప్రార్థన, తన పూర్తి పేరు, ఊరు, సంవత్సరం కుట్టింది. ఏ కుట్టుతో కుట్టింది? రెండు దారాలు ఒకదాని మీదుగా ఒకటి ఏటవాలుగా వెళ్ళే కుట్టుతో. అంటే ఒక్కొక్క అక్షరానికి పది పదిహేను ఇంటూ మార్కులు చొప్పున ఆ గుడ్డ మీద వేల ఇంటూ మార్కులు పెట్టింది. పదేళ్ళ తరువాత పెళ్ళినాడు చేతికి ఈకకలం ఇస్తే, ఎన్నడూ పట్టి ఎరుగదు కనుక, మరొక ఇంటూ మార్కు పెట్టింది. లోకం ఈ చివరి దానిని లెక్కపెట్టి ఆమెను నిరక్షరాస్య అన్నది. గుడ్డ మీది వేలను లెక్కపెట్టినవారు లేరు.

“చూసి కుట్టింది, అర్థమై కుట్టిందని నమ్మకమేమిటి?” అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. చూసి కుట్టినవారు, అర్థం తెలియక కుట్టినవారు తప్పకుండా ఉంటారు. కానీ అయ్యా, గుంట ఓనమాలు దిద్దినవారమే కదా మనమంతా! పళ్ళెంలోని బియ్యంలో తాతగారు వేలు పట్టుకుని ‘ఓం నమః శివాయ’ రాయించినప్పుడు మనకేం అర్థమైంది? దానిని అక్షరాభ్యాసమని పదిమందినీ పిలిచి పప్పుబెల్లాలు పంచారు. మన పూర్వులు తాటాకు మీద ఇనుప ఘంటంతో గీరి రాశారు. ఆకును గుచ్చి గీరితే రచన అయినప్పుడు, నార గుడ్డను గుచ్చి దారం లాగితే అది కుట్టుపని మాత్రమే ఎందుకవుతుంది? చేతిలో ఉన్నది ఇనుమే, చేస్తున్నది అక్షరమే. పట్టుకున్న చెయ్యి ఆడపిల్లది కావడం తప్ప తేడా ఏమిటో ఎవరైనా పండితులు నాకు చెప్పాలి.

అర్థమై కుట్టినదానికి సాక్ష్యం కావాలంటే అదే లండను మ్యూజియంలో ఇంకొక గుడ్డ ఉంది. కుట్టినది ఎలిజబెత్ పార్కర్. ససెక్స్‌లోని ఆష్‌బర్న్‌హామ్‌లో 1813లో పుట్టింది. తండ్రి రోజు కూలీ, ఇంటి నిండా పిల్లలు. పదమూడో ఏట పరాయి ఇళ్ళలో పనికి వెళ్ళింది. అక్కడ యజమాని చేతిలో పడిన హింస, ప్రాణం తీసుకోవాలన్న తలంపు, ఆ తలంపు పాపమన్న భయం, ఒక వైద్యుడితో చెప్పుకుంటే కలిగిన ఊరట, ఇవన్నీ 1830 ప్రాంతంలో ఎర్ర పట్టుదారంతో, ఇంటూ కుట్టుతో, తెల్ల నార గుడ్డ మీద కుట్టింది. పువ్వు లేదు, ఇల్లు లేదు, అంచు లేదు. విరామ చిహ్నాలు దాదాపు లేని వరుస తరువాత వరుస, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా అక్షరాలే. దాని ఆరంభం చదివి నేను లేచి నిలబడ్డాను. తనకు రాయడం రాదు కనుక, నమ్మకస్తులైన ఒకరితో నోటితో చెప్పుకున్నట్టు ఈ సంగతులు ఇక్కడ పెడుతున్నానని ఆమె భావం.

రాయడం రాదట! గుడ్డ నిండా తన ఆత్మకథ రాస్తూ, మొదటి వరుసలోనే తనకు రాయడం రాదంటోంది. ఎందుకంటే రాయడమంటే కలంతో, కాగితం మీద చేసే పని అని ఆమెకు లోకం చెప్పింది. చేతిలోని సూదిని ఆమె కూడా లెక్కలోకి తీసుకోలేదు. చివరికి ఆ గుడ్డ, తన ఆత్మ గతి ఏమవుతుందో అన్న ప్రశ్న దగ్గర, వాక్యం పూర్తికాకుండా ఆగిపోతుంది. కింద ఇంకా ఖాళీ గుడ్డ ఉంది. తరువాత ఆమె బతికింది. తన ఊళ్ళోనే బడిపంతులమ్మ అయింది, డెబ్బై ఏళ్ళు దాటి జీవించింది. ఒక పంతులమ్మగా ఆ సంగతి తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన తృప్తిని నేను వివరించలేను. ఇదీ మనం ‘నమూనా’ అని పిలవబోయిన వస్తువు.

మెచ్చుకునేవారి సంగతి ఇలా ఉంటే, ఈసడించేవారి సంగతి వేరు. ఆడపిల్లను చదువుకు దూరం చేసి, తల వంచుకు కూర్చోవడం నేర్పే సాధనం ఈ గుడ్డ అని వారి వాదం. అందులో నిజం లేకపోలేదు. రూసో మహాశయుడు 1762లో తన ‘ఎమీల్’ గ్రంథంలో ఆడపిల్లలకు చదువన్నా రాతన్నా అయిష్టమనీ, సూదిపని అంటే సహజంగానే ఇష్టమనీ సిద్ధాంతం చేశాడు. కలం కంటె ముందు సూదితో రాయడం నేర్చుకున్న ఒక పిల్ల కథ కూడా అక్కడే చెప్పాడు. ఆ పిల్ల ఎప్పుడూ ‘ఓ’ అక్షరమే రాసేదట. ఒకనాడు అద్దంలో తన భంగిమ చూసుకుని, బాగా లేదని రాత మానేసిందట. తన బట్టలకు గుర్తులు తానే వేసుకోవలసి వచ్చిన తరువాతనే మళ్ళీ మొదలుపెట్టిందట. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో ఈ కథను ఉటంకించి మరీ తూర్పారబట్టింది. దానికంటె మంచి జవాబు ఒక చిన్నపిల్ల ఇచ్చింది. 1921లో ఎథెల్ బోల్టన్, ఈవా కో అనే ఇద్దరు అమెరికాలోని కుట్టు ఒరవళ్ళ వివరాలన్నీ పోగుచేసి పెద్ద పుస్తకం వేశారు. అందులో మేరీలాండులోని ప్యాటీ పోక్ అనే పిల్ల గుడ్డ ప్రస్తావన ఉంది. తాను ఈ గుడ్డ కుట్టాననీ, ఇందులోని ప్రతి కుట్టునూ అసహ్యించుకున్నాననీ, తనకు చదువుకోవడమే చాలా ఎక్కువ ఇష్టమనీ ఆ పిల్ల కుట్టి పెట్టింది. సూదితోనే సూదిని తిట్టింది! ప్రౌఢ కావ్యాలలో వెదికినా ఇటువంటి వ్యాజోక్తి అరుదు. రూసో పుస్తకం చదివి ఉంటుందా? ఉండదు. అయినా అంతకంటె సూటిగా ఎవరూ ఆయనను ఖండించలేరు.

అందుచేత ఈసడించేవారితో నేననేది ఒక్కటే. సాధనం ఎవరు ఇచ్చారన్నది ఎంత ముఖ్యమో, దానితో ఏం రాశారన్నదీ అంతే ముఖ్యం. హావర్త్‌లోని బ్రాంటీ మ్యూజియంలో షార్లెట్, ఎమిలీ, ఆన్ ముగ్గురూ చిన్నతనంలో కుట్టిన ఒరవళ్ళు ఉన్నాయి. వారి నవలలు చదివినవారు ఒకసారి ఆ గుడ్డలూ చూడండి. పెన్సిల్వేనియాలోని వెస్ట్‌టౌన్ పాఠశాలలో పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాలలో క్వేకర్ల ఆడపిల్లలు పట్టు గుడ్డతో గుండ్రని భూగోళమే చేసి, దాని మీద ఖండాలు, అక్షాంశ రేఖాంశాలు కుట్టారు. మా అమ్మాయి ఉండే రాష్ట్రమే అది. ఈ సంగతి ముందుగా తెలియక చూడకుండా తిరిగి వచ్చాను, ఆ చింత నాకు ఇంకా ఉంది.

బీదపిల్లల గుడ్డల విషయంలో మాత్రం నా నోరు పెగలదు. బ్రిస్టలు నగరంలో జార్జ్ ముల్లర్ నడిపిన అనాథాశ్రమంలో ఆడపిల్లలు కుట్టినవి చూడండి. అక్షరమాల పెద్దది, దాని కింద చిన్నది, ఇంకా చిన్నది, మళ్ళీ అంకెలు, గుడ్డలో వేలెడు చోటు మిగలకుండా. సన్నని ఎర్ర దారం. అది ఆ పిల్ల ఉద్యోగ దరఖాస్తు. దొరగారింట పనికి చేరేటప్పుడు, నేను మీ దుప్పట్లకు ఇంత సన్నగా గుర్తులు కుట్టగలనని చూపించే కాగితం. సియెర్రా లియోన్ సంగతి ఇంకా బాధాకరం. బానిస ఓడల నుంచి విడిపించి తెచ్చిన పిల్లలకు మిషనరీ బడులలో చదువు చెప్పారు. ఆడపిల్లల చేత ఇటువంటి గుడ్డలు కుట్టించి ఇంగ్లండుకు పంపించారు. అడుగున ఇంగ్లీషు పేర్లు ఉంటాయి. ఆ పేర్లలో ఎన్నో, చందా కట్టిన ఇంగ్లండు దాతలు కోరి పెట్టించినవి. తల్లి పెట్టిన పేరు ఏ గుడ్డ మీదా లేదు. పేరు ఉన్నంత మాత్రాన ఆ పిల్ల దొరికిందని సంబరపడకూడదని అక్కడ తెలిసింది.

ఇక అంగడి సంగతి. న్యూజెర్సీలోని బర్లింగ్టన్ కౌంటీకి చెందిన మేరీ ఆంట్రిమ్ అనే పిల్ల 1807లో కుట్టిన గుడ్డ, 2012 జనవరిలో న్యూయార్కు సోథెబీస్ వేలంలో పది లక్షల డాలర్లు దాటి అమ్ముడయింది. బెట్టీ రింగ్ అనే విదుషీమణి జీవితకాలం సేకరించిన సంపుటిలోనిది అది. ఈ పిల్లలు ఏ బడిలో, ఏ పంతులమ్మ దగ్గర నేర్చుకున్నారో వెదికి వెదికి 1993లో రెండు సంపుటాలు రాసిన మనిషి ఆవిడ, ఆవిడకు నా దండం. నా కోపం అంగడి తూకం మీద. ఇల్లు ఉంటే ఒక ధర, మనిషి బొమ్మ ఉంటే ఇంకొక ధర, జంతువులు ఉంటే మరొక మెట్టు. ఒట్టి అక్షరాలు మాత్రమే ఉన్న గుడ్డ సాధారణంగా అట్టడుగున ఉంటుంది. బొమ్మకు వెల, అక్షరానికి వెలితి. గుడ్డ మీద చోటు చాలక వరుస చివరి అక్షరాన్ని పైకెక్కించిన తడబాటు, తిరగబడిన అక్షరం, పెద్దయ్యాక వయసు తెలియకూడదని సంవత్సరంలోని చివరి అంకెలు విప్పేసిన జాగ్రత్త, ఇవన్నీ ఆ జాబితాలలో లోపాల కింద నమోదవుతాయి. నా దృష్టిలో గుడ్డలో మనిషి కనిపించే చోట్లు అవే.

ఇంత మాట్లాడే అర్హత నాకుందా అని మీరు అడగకముందే నేనే చెప్పుకుంటాను. ఇది నా నేరం.

నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. ఊరు, బడి పేరు చెప్పను. ఒత్తులు నిలిచేవి కావు, తెలుగు డిక్టేషనులో ఎప్పుడూ సున్నలే. వార్షికోత్సవానికి ఆడపిల్లల కుట్లు అల్లికల ప్రదర్శన పెట్టారు, నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. నెమళ్ళు, గులాబీలు, ‘స్వాగతం’ తోరణాల మధ్య ఆ పిల్ల గుడ్డ ఉంది. అ మొదలు ఱ వరకు వర్ణమాల మొత్తం, నీలి దారంతో కాడకుట్టు. ఎవరూ చెప్పకుండా తానే కుట్టింది. ‘ఋ’ వంకర పోయింది, ‘ఞ’ మరేదో అయింది. పండితురాలిని కదా, నా కన్ను అక్కడే పడింది. “కుట్టు బాగానే ఉందమ్మా, అక్షరాలే రాలేదు” అన్నాను, అందరూ వినేలాగ. నవ్వారు. బహుమతి నెమలికి ఇచ్చాను. కొన్నాళ్ళకు ఆ పిల్ల అదే గుడ్డను టిఫిను డబ్బాకు చుట్టి తెచ్చింది. దారం మొత్తం విప్పేసింది. సూది కన్నాలు మాత్రం వరుసగా ఉన్నాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఇంకా చదవవచ్చు. నేను ఎత్తి పట్టుకోలేదు. పదో తరగతికి ఆ పిల్ల బడికి రాలేదు.

మా అమ్మది పాలకొల్లు వైపు. ఆ ప్రాంతాల్లో, నరసాపురంలో ఆడవారు లేసు అల్లుతారని మీకు తెలిసే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. ఆ బడిగుడ్డల గాలే గోదావరి దాకా వచ్చిందన్నమాట. మరియా మీస్ అనే జర్మను పండితురాలు 1982లో ఆ లేసు అల్లేవారి మీద పుస్తకం రాసి, దేశదేశాలకు ఎగుమతయ్యే సరుకును రోజంతా అల్లుతున్నవారిని తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారని ఆక్షేపించింది. మా అమ్మ కూడా అడిగినవారికి “ఊరికే, తోచక అల్లుతున్నా” అనే చెప్పేది. ఎలిజబెత్ పార్కర్ తనకు రాయడం రాదన్నట్టుగానే.

కనుక సహ బ్లాగరులకు ఒక విన్నపం. ‘ఒరవడి’ అన్న మాట మీకు నచ్చకపోతే ఇంకొకటి చెప్పండి, వాదిద్దాం. ఈలోగా మీ ఇళ్ళలో పాత ట్రంకు పెట్టెలు తెరవండి. దిండు గలేబులు, గోడకు పెట్టిన అద్దాల పటాలు, తెరలు, ఏదైనా అక్షరం కుట్టి ఉన్నది కనబడితే ముందు ఫొటో తీయండి. వెనకవైపు కూడా తీయండి, ముడులు అక్కడ ఉంటాయి. ఎవరు కుట్టారో, ఏ ఏట కుట్టారో, చదువు వచ్చునో రాదో, తెలిసిన ముసలివారు ఉండగానే అడిగి రాయండి.

మా ఇంట్లో ఒకే ఒక గలేబు మిగిలింది. గులాబీ దారంతో ఇంగ్లీషులో ‘గుడ్ నైట్’ అని ఉంది. అందులో ‘ఎన్’ తిరగబడింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఎక్కడ చూసి కుట్టావని నేను ఎన్నడూ అడగలేదు. ఆమె పేరు దాని మీద లేదు. మహాలక్ష్మి.